వెండిచేతుల పాట

మాయక్కాళ్ ఎడమచేత్తో ఖాళీ పెట్టె అందుకుంది. కుడిచేత్తో పిడికెడు పుల్లలు పట్టి, మందు తలలన్నీ ఒకే వైపుకు వచ్చేలా పీట మీద తట్టి, పెట్టెలోకి దించి బొటనవేలితో మూసింది. మూసిన పెట్టె చెక్కపళ్ళెంలో పడేసరికే ఎడమచెయ్యి ఇంకో పెట్టె మీద ఉంది. పుల్లలు ఆమె లెక్కపెట్టదు. పిడికిలికే తెలుసు. తక్కువైతే అరచేతిలో గాలి తగులుతుంది, ఎక్కువైతే చిటికెనవేలు మూసుకోదు.

పెళ్ళై కోవిల్‌పట్టికి వచ్చిన కొత్తల్లో మొదలైన పని ఇది. అగ్గిపెట్టెలు చేసే ఈ షెడ్డును ఊళ్ళో అందరూ తీప్పెట్టి ఆఫీసు అంటారు. బయటివాళ్ళు విని నవ్వుతారు. కానీ పొద్దున్నే తలకు నూనె రాసుకుని, సంచిలో స్టీలు గిన్నె పెట్టుకుని, "ఆఫీసుకు పోతుండా" అని వీధిలో చెప్పి నడవడంలో ఎంత మర్యాద ఉందో అక్కడి ఆడవాళ్ళకు తెలుసు.

ఆమెకు అరవై దాటాయి. సన్నటి మనిషి, కూర్చుంటే ఇంకా చిన్నగా కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి నేలమీద మఠం వేసుకుని కూర్చోవడంతో ఎడమ మోకాలు పూర్తిగా చాపలేదు. వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. రేషన్ షాపులో వేలిముద్ర వెయ్యమంటే మిషను ఒకపట్టాన ఒప్పుకోదు. గోళ్ళ అంచుల్లో పుల్లల మందు ఎర్రగా ఇంకి ఉంటుంది. ముక్కుకు రెండు వైపులా కుట్టిన రంధ్రాలున్నాయి గానీ బేసర్లు లేవు. షెడ్డులో ఎవరైనా ఆమెను గురించి చెప్పాల్సి వస్తే "కిటికీ కింద కూర్చునే పెద్దామె" అంటారు. అంతకుమించి చెప్పడానికి ఎవరికీ ఏమీ తెలియదు.

షెడ్డు దూలానికి ఒక స్పీకరు వేలాడుతుంటుంది. మేస్త్రి పొన్నయ్య తన సెల్‌ఫోనులోంచి దానికి పాటలు పెడతాడు. సినిమా పాటలు, అమ్మవారి పాటలు, మధ్యమధ్య పల్లెపాటలు. పల్లెపాటల్లో ఒకటి మొదలైందంటే మాయక్కాళ్ లేచి నీళ్ళతొట్టి దగ్గరికి పోతుంది. ముఖం కడుక్కుంటుంది. మళ్ళీ కడుక్కుంటుంది. పాట అయిపోయాక వచ్చి కూర్చుంటుంది. పక్కవాళ్ళు ఆమెకు చక్కెరజబ్బు అనీ, అందుకే మాటిమాటికీ లేస్తుందనీ అనుకుంటారు. ఆమె ఎన్నడూ కాదనలేదు.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ గిన్నెలు విప్పుకుంటుంటే ఆమె లేచి పొన్నయ్య దగ్గరికి వెళ్ళింది.

"అరపూట సెలవు కావాలి" అంది తమిళంలో. ఇల్లు దాటితే ఆమె మాట తమిళమే.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"నాకు కాదు. మా వదినకు. విరుదునగర్ పోవాలి."

"ఎవరా వదిన? ఎప్పుడూ చెప్పలేదే."

"ఉంది" అంది మాయక్కాళ్.

పొన్నయ్య సరేనని తల ఊపాడు. ఆ నిమిషాన అతని తలమీది స్పీకర్లో కలుపుపాట పాడుతున్న గొంతు ఆ వదినదేనని అతనికి తెలియదు. ఆమె చెప్పనూ లేదు.

* * *

వదిన పేరు వెళ్ళైయమ్మాళ్. మాయక్కాళ్ భర్త ఆండికి సొంత అక్క. పుదూరు పక్కన వానను నమ్ముకున్న నల్లరేగడి పల్లెలో పుట్టింది. ఆమె కలుపు తీస్తూ పాట ఎత్తితే పక్క చేలో కూలీలు కూడా వంగినవాళ్ళు వంగినట్టే ఆగి వినేవాళ్ళట. విరుదునగర్‌లో క్యాసెట్ల కొట్టు నడిపే చెల్లదురై ఒక ఊరి అమ్మవారి గుడిలో ఏటా జరిగే కొడై పండగలో ఆ గొంతు విన్నాడు. కొట్టు వెనక గదికి చుట్టూ గోనెసంచులు కట్టి, ఆమెను కూర్చోబెట్టి మొదటి క్యాసెట్ చేశాడు. అట్టమీద వెళ్ళైయమ్మాళ్ బొమ్మ. కింద చిన్న అక్షరాల్లో 'బృందం' అని ఒక్క మాట.

ఆ ఒక్క మాటలో మాయక్కాళ్ ఉంది. వదిన ఒక వరుస ఎత్తితే దాని కొస అందుకుని తిప్పి పాడటం ఆమె పని. పెళ్ళైన కొత్త. మైకు ముందు నోరు తెరవడానికి సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంటే, వెళ్ళైయమ్మాళ్ ఆ కొంగు లాగి తన మోకాలి కింద నొక్కిపెట్టుకుంది. "గొంతుకు ముసుగెందుకే? ఎత్తు" అంది. ఇంట్లో వాళ్ళిద్దరిదీ తెలుగు. పాట మాత్రం తమిళం. తెలుగుపాటకు ఆ నేలమీద కొనేవాళ్ళు లేరని చెల్లదురై మొదటే చెప్పాడు.

ఆ తర్వాత ఎన్నో క్యాసెట్లు వచ్చాయి. బస్సుల్లో, టీ కొట్లలో, గుళ్ళ దగ్గర గొట్టపు మైకుల్లో వెళ్ళైయమ్మాళ్ పాడని ఊరు లేదు. జోలపాటలు, చప్పట్లు కొడుతూ ఆడే కుమ్మిపాటలు, పొడుపుకథల పాటలు, చావుపాటలు. విరుదునగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకుని అక్కడే స్థిరపడింది. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి అన్నీ ఫోనులోకి వెళ్ళాయి. కిందటేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. దాంతోపాటే మాటా పడిపోయింది.

అప్పుడు చెల్లదురైకి ఒక ఆలోచన పుట్టింది. అతనూ ముసలివాడయ్యాడు, కొట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతాడు. గోనెసంచుల గదిలో చేసిన మొదటి క్యాసెట్ నుంచి ఆమె గొంతు విరిగిన చివరి పాట దాకా అన్నీ ఏరి, బూజు పట్టిన టేపులు తుడిచి, ఒక్కచోట చేర్చాలని పూనుకున్నాడు. తన దగ్గర లేనివాటి కోసం టీ కొట్లవాళ్ళనూ పాత బస్సు డ్రైవర్లనూ వెతికి పట్టుకున్నాడు. ఆమె జీవితమంతా పాడింది ఒక చిన్న పెన్‌డ్రైవులో పట్టింది. దీపావళికి బయటికి తేవాలని అతని ఆశ.

కిందటి రోజు సాయంత్రం వెళ్ళైయమ్మాళ్ కొడుకు సెందిల్‌కుమార్ మాయక్కాళ్‌కు ఫోను చేశాడు.

"అత్తా, అమ్మ నిన్ను రమ్మంటుండాది."

"మాట పడిపోయిన మనిషి ఎట్ల రమ్మంటాదిరా?"

"దినమూ ఆమె పాటలే పెట్టి వినిపిస్తుండాం. కండ్లు మూసుకోని కమ్మగా వింటాది. ఒక పాట కాడికి వచ్చేసరికి మాత్రం మంచం కొడతాది. ఎడంచెయ్యి తిప్పి చూపిస్తాది. ఆనక మీ ఊరి తట్టు చూపిస్తాది. నువ్వు వచ్చి సరి అంటేనే ఆ పాట పెట్టాలంట. లేదంటే మొత్తమే వొద్దంట. చెల్లదురై మామ తల పట్టుకోని కూచుండాడు."

"ఏ పాట?" అంది మాయక్కాళ్, తెలిసే.

సెందిల్ మెల్లగా "వెళ్ళిక్కై" అన్నాడు.

వెళ్ళిక్కై అంటే వెండిచెయ్యి. వెళ్ళైయమ్మాళ్ పాటలన్నిటిలోనూ పేరు తెచ్చుకున్నది అదే. ఆ పాట వస్తేనే మాయక్కాళ్ నీళ్ళతొట్టి దగ్గరికి వెళ్ళేది.

* * *

కోవిల్‌పట్టి దాటగానే బస్సు కిటికీలోంచి వేడిగాలి కొట్టింది. వానలు ఇంకా పడలేదు. దున్నిపెట్టిన నల్లరేగడి ఎండకు పగిలి, గడ్డలు గడ్డలుగా పడి ఉంది. మధ్యమధ్య సీమతుమ్మ పొదలు. సాత్తూరు దగ్గర పడుతున్నకొద్దీ రోడ్డుకు రెండు వైపులా బాణసంచా కొట్ల బోర్డులు మొదలయ్యాయి. దీపావళి దగ్గరికొస్తే ఆ దారి పొడుగునా అవే. చిచ్చుబుడ్డి పక్కన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న పిల్లల బొమ్మలు. మాయక్కాళ్ బస్సులో ఎప్పుడూ నడవ పక్కనే కూర్చుంటుంది. ఇవాళ ఆ సీటు దొరక్క కిటికీ పక్కన కూర్చోవాల్సి వచ్చింది.

ఆమెకు ఒక్కతే కూతురు. పేరు సీనియమ్మ. సీని అంటే తమిళంలో చక్కెర అని ఆండి ముద్దుగా పెట్టుకున్నాడు. పదో తరగతి తప్పాక పిల్ల ఇంట్లో కూర్చోనని, తాయిల్పట్టి వైపు ఒక బాణసంచా షెడ్డుకు పనికి పోయింది. తెల్లవారకముందే వ్యాను వచ్చి వీధిలోని ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయేది. పొద్దుగూకే వేళకు దించేది. ఆ పనిలో అల్యూమినియం పొడి చేతులకు పట్టేస్తుంది. సీనియమ్మ మోచేతుల దాకా వెండి పూసినట్టు మెరుస్తూ దిగేది. మాయక్కాళ్ నీళ్ళు కాచి, సీకాయపొడి వేసి, కూతురి చేతులు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దేది. ఎంత రుద్దినా పూర్తిగా పోయేది కాదు. పిల్ల అన్నం కలుపుకుంటే మెతుకులు మెరిసేవి. "కూడు తింటుండావా, మతాబు తింటుండావా?" అని తల్లి తిట్టేది. పిల్ల పగలబడి నవ్వేది.

ఒక సాయంత్రం నీళ్ళు కాగాయి. వ్యాను రాలేదు. షెడ్డు పేలిందన్న మాట వచ్చింది.

తెచ్చినప్పుడు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. ముఖం చూడొద్దన్నారు. గుడ్డ పక్కనుంచి ఒక చెయ్యి బయటికి ఉంది. కడగని చెయ్యి. అప్పటిదాకా నిలబడే ఉన్న మాయక్కాళ్ ఆ చెయ్యి చూసి కూలబడిపోయింది. ఆమె నోట్లోంచి వచ్చింది ఏడుపో పాటో ఆమెకు తెలియదు. ఇంటి మాటలోనే వచ్చింది.

*నీళ్ళు కాచి పెడితినే, నీ చేతులు కడగాలని*
*కడిగించుకోకుండ పోతివే, వెండిచేతుల దానా*
*కూడు మెరిసిందని తిడితినే, నా కూతురా*
*మెరవని కూడు నేనెట్ల తిందునే*

ఆ రోజు పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, ప్రతి వరుస కొసనూ అందుకుని తిప్పి పాడింది వెళ్ళైయమ్మాళ్. అన్నాళ్ళూ ముందు నడిచిన గొంతు ఆ ఒక్కరోజు వెనక నడిచింది.

ఏడాది తిరిగింది. పుదూరులో ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, తిరిగి బస్సు కోసం నిలబడి ఉంది మాయక్కాళ్. దగ్గర్లో గుడి పండగ. గొట్టపు మైకులోంచి వదిన గొంతు వినిపించింది. తమిళంలో. నీళ్ళు కాచిన మాట, చేతులు కడిగే మాట, మెరిసిన కూటి మాట. అన్నీ తనవే. కానీ తన నోట్లో వరుస తప్పి, ఎగపోసుకుని, తెగిపోయిన మాటలు ఆ గొంతులో చక్కగా కుదురుకున్నాయి. చుట్టూ ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. కూటి మాట అయ్యీ కాకముందే ఎవరో "మొదటినుంచి మళ్ళీ పెట్టు" అని అరిచారు. మళ్ళీ పెట్టారు. అడిగిన ప్రతిసారీ తన బిడ్డ మళ్ళీ చచ్చిపోతున్నట్టు అనిపించింది మాయక్కాళ్‌కు. బస్సు కోసం ఆగలేదు. నడిచి వెళ్ళిపోయింది.

ఆండి అక్కతో తగువుకు పోతానని లేచాడు. "వొద్దు. ఆమెకూ మేనకోడలే కదా" అని ఆమే ఆపింది. వదినతో తెగతెంపులు చేసుకోలేదు. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసేవాళ్ళు. "తింటివా?" అని ఈమె అడిగేది, "తింటి" అని ఆమె చెప్పేది. అంతే. ఆండి పోయినప్పుడు కూడా అంతే. కానీ మాయక్కాళ్ మళ్ళీ నోరు తెరిచి పాట పాడలేదు. ఆ పాట చివరిదాకా విననూ లేదు. మొదటి వరుస రాగానే ఎక్కడున్నా లేచి వెళ్ళిపోయేది.

* * *

సెందిల్‌కుమార్ పప్పుల మిల్లు లారీ నడుపుతాడు. విరుదునగర్ బజారు వెనక, మిరపకాయల గోదాముల సందులో వాళ్ళ ఇల్లు. ఆ సందులో అడుగుపెడితేనే తుమ్ము వస్తుంది. మాయక్కాళ్ రెండుసార్లు తుమ్మి, ముక్కు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది.

వెళ్ళైయమ్మాళ్ ఇనపమంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు భారీ మనిషి. ఇప్పుడు చర్మం వదులై భుజాల మీదినుంచి జారుతున్నట్టుంది. కుడిచెయ్యి దిండు మీద ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది. నోరు ఒక పక్కకు లాగేసింది. నుదుటిమీద మాత్రం పావలా అంత కుంకుమబొట్టు, అట్టమీది బొమ్మలో ఉన్నట్టే. కోడలు ఉషా రోజూ పెడుతుందట.

"తింటివా వదినే?" అంది మాయక్కాళ్.

వెళ్ళైయమ్మాళ్ తల ఊపింది. ఎడమచేత్తో మంచం అంచు తట్టింది, కూర్చోమని.

చెల్లదురై అప్పటికే వచ్చి ఉన్నాడు. చెవుల్లో వెంట్రుకలు నెరిసిన బక్కపల్చటి మనిషి. స్టూలు మీద చిన్న స్పీకరు పెట్టి, దానికి పెన్‌డ్రైవు తగిలించి సిద్ధంగా ఉన్నాడు. తొందరపెట్టలేదు. "మొదటినుంచి కొంచెం కొంచెం విను అక్కా" అన్నాడు తమిళంలో. "నీ గొంతూ ఉంది."

మొదటి పాట పెట్టాడు. ముందు టేపు బుసబుస. తర్వాత ఎక్కడో కోడి కూసింది. గోనెసంచులు ఆపలేకపోయిన కోడి. దాని వెనకే వెళ్ళైయమ్మాళ్ గొంతు లేచింది, పచ్చిగా, దిట్టంగా, ఇనపగొలుసు బావిలో వదిలినట్టు. వరుస కొసన ఇంకో గొంతు దాన్ని అందుకుంది. సన్నటిది, కొంచెం వణుకుతున్నది.

"ఇది ఎవురు?" అని అడిగింది ఉషా.

"మా అత్త" అన్నాడు సెందిల్.

మాయక్కాళ్ ఒళ్ళో చేతులు పెట్టుకుని వింది. తన గొంతును తాను గుర్తుపట్టలేదు. ఎవరో చిన్నపిల్ల, భయంభయంగా, ఇష్టంగా పాడుతోంది. చెల్లదురై ఒక్కో పాటా కాస్త కాస్త వినిపిస్తూ ముందుకు జరిపాడు. కళ్ళ ముందే గొంతు ఎదిగింది. పచ్చిదనం పోయి బరువెక్కింది. డప్పు పోయి కీబోర్డు వచ్చింది. వెనక గొంతులు మారాయి. ఊపిరి పొట్టిదైంది. ఒకచోట దగ్గు వినిపించింది. ఆ దగ్గు విని మంచంమీది మనిషి ఎడమపక్క పెదవితో నవ్వింది.

చెల్లదురై ఆగాడు. "ఇక్కడ అది వస్తుంది" అన్నాడు.

వెళ్ళైయమ్మాళ్ చెయ్యి మంచం మీద పడింది. ఒకసారి, ఇంకోసారి. ఎడమ అరచెయ్యి పైకి తిప్పి, మాయక్కాళ్ ముఖంలోకి చూస్తూ పట్టుకుంది. ఆ చూపులో వేడుకోలు లేదు. ఏం చెబుతావో చెప్పమన్నట్టుంది, అంతే.

మాయక్కాళ్ నోటికి ఇన్నేళ్ళుగా దాచుకున్న మాట వచ్చింది. తెలుగులో, నెమ్మదిగా అంది: "అది నా ఏడుపు వదినే. నన్ను అడగకుండా తీసుకుంటివి. ఊరూరా పాడితివి. నా బిడ్డ చావును జనం మళ్ళీ మళ్ళీ అడిగి పెట్టించుకునిరి. ఆ పొద్దు నేను ఎట్ల ఇల్లు చేరినానో నీకు తెలీదు."

వెళ్ళైయమ్మాళ్ ఎడమకంట్లోంచి నీళ్ళు కారాయి. కుడికన్ను పొడిగా అలాగే తెరిచి ఉంది. ఆమె తల ఊపింది. అవునన్నట్టు. ఊపుతూనే ఉంది.

మాయక్కాళ్ లేవబోయింది. అలవాటు. మోకాలు పట్టేసి, మంచం కోడు పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

"పెట్టు" అంది చెల్లదురైతో.

పాట మొదలైంది. ఎప్పుడూ లేచిపోయే మొదటి వరుస దాటింది. నీళ్ళు కాచిన మాట వచ్చింది. చేతుల మాట, కూటి మాట. తన మాటలు అయిపోయాయి. అక్కడితో పాట అయిపోతుందనుకుంది. అయిపోలేదు. డప్పు ఆగింది. ఏ వాద్యమూ లేకుండా, తను ఎన్నడూ వినని వరుస ఒకటి వచ్చింది. తమిళంలోనే వచ్చినా ఆమె చెవిలో అది ఇంటి మాటలోనే పడింది.

*ఒళ్ళో వేసి జోల పాడితి, కండ్లు మూయవైతివే*
*'అమ్మ పాడినట్టు లేదత్తా' అని అటు తిరిగి పడుకుంటివే*
*ఊరంతా మెచ్చిన గొంతు, నువ్వు మెచ్చలేదే*
*నీయమ్మ గొంతు నాకు యాడిది, నా వెండిచేతుల తల్లీ*

పాట ఆగాక కూడా మాయక్కాళ్ స్పీకరు వైపే చూస్తోంది.

"ఇది ఎప్పుడు అనింది?" అంది చివరికి. ఎవరిని అడుగుతోందో ఆమెకే తెలియదు.

సెందిల్ చెప్పాడు. "పెద్దసెలవులకు ఈడికి వచ్చేది కదా అత్తా. దినమూ ఇదే పేచీ. అమ్మ ఎంత పాడినా నిద్దరపోదు. 'మా అమ్మ పాడినట్టు పాడు' అంటాది. అమ్మకు రోషం వచ్చేది. 'ఊళ్ళకు ఊళ్ళు నా పాటకు లేచి వస్తుంటే నీకు ఆనదా పిల్లా' అని అరిచేది. సీని పకపకా నగేది."

"నాకు చెప్పలేదే."

"పాటలో ఉండాది గదా అత్తా. నువ్వు వినలేదా?"

కూతురు పోయాక కూతుర్ని గురించిన మాటలన్నీ మాయక్కాళ్ తలుచుకుని తలుచుకుని అరగదీసుకుంది. కొత్త మాట ఒక్కటీ వచ్చే దారి లేదు. ఇప్పుడొకటి వచ్చింది. అటు తిరిగి పడుకున్న పిల్ల వీపు, మూతి ముడుచుకున్న తీరు, పకపక నవ్వు. అది ఇన్నేళ్ళూ గుళ్ళ దగ్గరా బస్టాండుల్లోనూ బహిరంగంగా మోగుతూనే ఉంది. తన గొంతు కంటే మరదలి గొంతే మేలని వదిన వందల ఊళ్ళలో పాడింది. మాయక్కాళ్ మాత్రం ప్రతిసారీ లేచి వెళ్ళిపోయింది.

ఆమె మంచం మీద దగ్గరికి జరిగింది. దిండుమీది పడిపోయిన చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. అరచెయ్యి చల్లగా ఉంది. అరిగిన వేళ్ళతో దాన్ని రుద్దుతూ కూర్చుంది, నీళ్ళూ సీకాయపొడీ లేకుండానే.

"ఉండనీ పాట" అంది. "దీంట్లో దాని పేరు లేదు. పేరు చెప్పి పెట్టండి."

"నువ్వే చెప్పక్కా" అన్నాడు చెల్లదురై. ఫోను తీసి ఆమె నోటి దగ్గర పట్టుకున్నాడు. ఆమె కొంగు పైకి లాక్కోబోయింది. వెళ్ళైయమ్మాళ్ ఎడమచెయ్యి దిండు దాటి వచ్చి ఆ కొంగు పట్టుకుంది. వదల్లేదు.

"సీనియమ్మ" అంది మాయక్కాళ్. ఇంకేదైనా అనాలేమోనని చూసి, ఇంకోసారి అదే అంది. "సీనియమ్మ."

ఆ మాట కొసను ఎవరో అందుకున్నారు. ముద్దగా, వంకరగా, గొంతులోంచి కాక ఛాతీలోంచి లాగినట్టు. "సీ... నీ..."

ఏడాదిగా మాట లేని మనిషి. ఉషా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. చెల్లదురై ఫోను ఆపడం మరిచిపోయాడు. వెళ్ళైయమ్మాళ్ ఇంకోసారి ప్రయత్నించింది. పెదవి కదిలింది గానీ గాలే వచ్చింది. అలసిపోయి దిండు మీదికి వాలింది.

"చాలు వదినే. అందుకున్నావు. చాలు" అంది మాయక్కాళ్.

ఉషా కాఫీ ఇచ్చింది. ఆమె సగం తాగి, మిగతా సగం చల్లార్చి వదినకు చెంచాతో పట్టింది. ఎడమపక్క నుంచి పోయాలని ఉషా చెబితే, ఎడమపక్క నుంచే పోసింది. ఒక్క చుక్క కూడా జారనివ్వలేదు. పొద్దు వాలకముందే లేచింది. మర్నాడు పనికి పోవాలి. వెళ్ళైయమ్మాళ్ నిద్రలో ఉంది. నోరు కొంచెం తెరిచి, కొంగు పట్టుకున్న వేళ్ళు ఇంకా అలాగే ముడుచుకుని ఉన్నాయి.

* * *

సాత్తూరు బస్టాండులో బస్సు ఆగింది. కీరకాయలమ్మే ఆడవాళ్ళు కిటికీల దగ్గర బుట్టలు పైకెత్తి కేకలు వేస్తున్నారు. మాయక్కాళ్ సంచిలో ఫోను మోగింది. సెందిల్.

"అత్తా" అన్నాడు. అతని వెనక ఉషా ఏడుపు వినిపించింది.

"ఎప్పుడురా?"

"నువ్వు పొయినాక. నిద్దరలోనే. ఉషా నీళ్ళు తాగిద్దామని లేపబోతే..."

"వస్తుండా" అంది. సంచి తీసుకుని దిగింది. రోడ్డు దాటి అవతలి వైపు నిలబడింది. విరుదునగర్ పోయే బస్సు రాగానే ఎక్కింది. ఈసారి కిటికీ పక్కనే కూర్చుంది.

ఆమె సందులోకి వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. ఇంటి ముందు కుర్చీలు వేశారు. చెల్లదురై ఒక కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఎవరో పాటలు పెడదామా అని అడిగితే వద్దని చెయ్యి ఊపాడు. లోపల వెళ్ళైయమ్మాళ్‌ను కిందికి దించి, తల ఉత్తరానికి పెట్టి పడుకోబెట్టారు. నోరు గుడ్డతో కట్టారు. కట్టగానే వంకర పోయి పాతముఖం వచ్చింది. చుట్టూ వీధి ఆడవాళ్ళు భుజం భుజం కలిపి కూర్చున్నారు. ఏడుస్తున్నారు గానీ పాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆమె ఉన్న చోట ఎవరు ఎత్తుతారు?

ఉషా మాయక్కాళ్‌ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. మాయక్కాళ్ కూర్చుంది. వదిన జుట్టు నుదుటిమీద పడి ఉంటే వెనక్కి దువ్వింది. బొట్టు చెదిరితే వేలితో గుండ్రంగా సర్దింది. కొంగు తీసి నడుముకు దోపుకుంది. గొంతు సవరించుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఎత్తింది.

తెలుగులో ఎత్తింది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ ఆ మాటలు తెలియవు. గొంతు మొదట గరగరలాడింది, విరిగింది, మళ్ళీ లేచింది. కలుపు చేలో వంగిన వీపులు, గోనెసంచుల గది, మోకాలి కింద నొక్కిపెట్టిన కొంగు, నిద్రపోని పిల్ల, పిల్లతో పంతాలు పోయిన అత్త, అన్నీ అందులోకి వచ్చాయి. వీధి ఆడవాళ్ళు మాట తెలియకపోయినా వరుస కొస పట్టుకుని తిప్పడం మొదలుపెట్టారు. బయట చెల్లదురై తల ఎత్తాడు. ఫోను జేబులోనే ఉంది. తియ్యలేదు.

గొంతు పూర్తిగా పోయేదాకా పాడి, మాయక్కాళ్ లేచి ముఖం కడుక్కోవడానికి బయటికి వచ్చింది. వచ్చినవాళ్ళంతా విప్పిన చెప్పులతో గడప ముందు అడుగు పెట్టే చోటు లేదు. ఒంగి వాటిని పక్కకు సర్దుతుంటే గోడవారగా విడిగా ఒక జత కనిపించింది. మడమ దగ్గర పట్టీ ఉన్న నీలం రంగు చెప్పులు. డాక్టరు నడిపించమన్నాడని సెందిల్ తల్లికి కొన్నవి. రోజూ పొద్దున ఉషా భుజం పట్టుకుని ఆమె వాటితో సందు చివరిదాకా నడిచేదట. ఎడమది కొట్లోంచి తెచ్చినట్టే ఉంది, అడుగున గీతలు కూడా పోలేదు. కుడిది ఈడ్చి ఈడ్చి బొటనవేలి దగ్గర అరిగిపోయి, కింది నేల కనిపిస్తోంది.